సుల్తాన్ బజారులో ఏం మారిందో పిల్లలే తెలుసుకోవాలంటే ఎలా నడిపించాలి?

ప్రశ్న: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు, హైదరాబాదు

కోఠీకి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను సాంఘికశాస్త్రం చెబుతున్నాను. 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచీ లేకుండా పది రోజులు గడిపే అవకాశం ఇవ్వాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెప్పింది కదా, ఆ రోజుల్లో కొన్నింటిని కలుపుకొని ఎనిమిదో తరగతి వారికి ప్రాజెక్టు పనిగా సుల్తాన్ బజారును ఇవ్వాలనుకున్నాను. మా పిల్లల్లో సగం మంది బడికి వచ్చేదీ, ఇంటికి వెళ్లేదీ ఆ బజారు మీదుగానే.

చెప్పడానికి చరిత్రకు కొదువ లేదు. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న చోట ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ వారి ప్రతినిధి, ఉండేవాడు. దాని చుట్టూ పెరిగిన అంగళ్లను రెసిడెన్సీ బజార్లు అనేవారు. అవి నిజాం రాజ్యం నడిబొడ్డున ఉన్నా రెసిడెంటు అధికారం కిందే నడిచి, 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చాక సుల్తాన్ బజారు అయ్యాయి. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉన్నదీ ఈ పేటలోనే. 2020 ఫిబ్రవరి 7న బజారు మీదుగా మెట్రో రైలు నడవడం మొదలైంది. ఇదంతా నేను నల్లబల్ల మీద రాయగలను, పిల్లలు ఎక్కించుకోగలరు. కానీ నాకు కావలసింది అది కాదు.

పని మొదలుపెట్టే ముందు, వాళ్లకు ఇప్పటికే ఏం తెలుసో చూద్దామని "మన బజారు ఎలా మారుతోంది?" అని ఒక పేజీ రాయమన్నాను. దాదాపు అందరూ ఒకే పేజీ రాశారు. ఆన్‌లైన్ కొనుగోళ్లు పెరిగాయి, మాల్స్ వచ్చాయి, చిన్న దుకాణాలు మూతపడుతున్నాయి, మనం వాటిని కాపాడుకోవాలి. ఒక్కరు కూడా ఒక్క దుకాణం పేరు రాయలేదు. ఆ బజారులోనే చీరలకు ఫాల్ కుట్టి, పికో చేసి బతికే తల్లి ఉన్న అమ్మాయి సైతం అదే పేజీ రాసింది. అది తప్పని నేను అనలేను, అలాగని నిజమని కూడా చెప్పలేను. చూడకుండా రాశారు, అదే నన్ను ఇబ్బంది పెడుతోంది.

వీధిలోకి వెళ్లాక వాళ్ల చేత ఏం చూడమనాలి, ఏం లెక్కపెట్టమనాలి? వెనుక ఏముండేదో ఎలా తెలుస్తుంది? వ్యాపారం జరుగుతున్న వేళ ముప్పై ఎనిమిది మంది పిల్లలు మీద పడితే దుకాణదారులు విసుక్కోరా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ

అమ్మా, నేను ఇలాంటిదే బీసెంట్ రోడ్డులో చేయించి, మొదటిసారి పూర్తిగా చెడగొట్టాను కనుక ఆ చెడిన తీరే ముందు చెబుతాను. పిల్లల చేతికి ప్రశ్నల కాగితం ఇచ్చి దుకాణాల్లోకి పంపాను. మొదటి ప్రశ్న "మీ వ్యాపారం ఎలా ఉంది?" అని. ఏలూరు రోడ్డు వైపు నుంచి బందరు రోడ్డు వైపు దాకా అందరూ చెప్పిన మాట ఒక్కటే: "ఏముంది బాబూ, వెనకటిలా లేదు." గల్లాపెట్టె మూత పడనంతగా బేరం సాగుతున్న చోట కూడా అదే మాట. వ్యాపారం బాగుందని పైకి చెప్పుకునే వర్తకుడు మన దేశంలో ఏ కాలంలోనూ లేడు. దిష్టి భయం ఒకటి, పన్ను భయం ఒకటి. పిల్లలు ఆ మాటను నమ్మి, మీవాళ్లు రాసిన పేజీనే నాకూ రాసి ఇచ్చారు.

రెండో ఏడాది అడగడం మాన్పించి చూడడం నేర్పాను. వీధి మొత్తం వద్దు. ఒక మూల నుంచి మరో మూల దాకా, అటూ ఇటూ కలిపి ముప్పై నలభై షట్టర్లకు మించని ముక్క చాలు. ఇద్దరిద్దరికి నాలుగైదు షట్టర్లు పంచి, ఒక్కో షట్టరుకు కాగితంపై ఒక నిలువు పట్టీ గీయించండి. ఆ పట్టీలో మూడు గళ్లు ఉండాలి. మధ్య గడిలో దుకాణం, పై గడిలో దాని మీది అంతస్తులు, కింది గడిలో దాని మెట్ల ముందు, కాలిబాట మీద కూర్చున్నవారు. పిల్లలకే కాదు, మనకూ కళ్లు మధ్య గడి మీదే ఉంటాయి. మార్పు మొదట కనబడేది మాత్రం పైనా, కిందా. కింద చెప్పుల దుకాణం ముప్పై ఏళ్లుగా కదలకుండా ఉంటుంది, పైన కాపురం ఉన్న కుటుంబం ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లి ఆ గదులు సరుకు గిడ్డంగి అయిపోయి ఉంటాయి. బట్టలు ఆరేసిన తీగ ఉందా లేదా అని చూడమంటే చాలు, పైన మనుషులు ఉంటున్నారో లేదో తేలిపోతుంది. మా ముక్కలో అలాంటి తీగలు రెండే మిగిలాయని కనిపెట్టింది లెక్కల్లో ఎప్పుడూ తప్పే పిల్లవాడు.

అదే ముక్కను పొద్దున దుకాణాలు తెరిచే వేళ ఒకసారి, సాయంత్రం దీపాలు పెట్టాక ఒకసారి చూడాలి. కుదిరితే ఆదివారం కూడా. మీ అబిడ్స్‌లో ఆదివారం నాడు మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు కదా, ఆ వీధిని సోమవారం మాత్రమే చూసినవాడు సగమే చూసినట్టు.

ఒక హెచ్చరిక. ఆషాఢంలో తగ్గింపు అమ్మకాల రద్దీని చూసి, మళ్లీ ఏ కార్తికంలోనో వెళ్లి జనం పలచబడ్డారని రాస్తే అది మార్పు కాదు, పంచాంగం. పోల్చదలచుకుంటే అదే మాసంతో అదే మాసాన్ని పోల్చాలి. కాబట్టి ఈ ఏడాది కాగితాలను పారేయకుండా బీరువాలో పెట్టండి. వాటి అసలు విలువ మూడేళ్ల తరువాత వచ్చే ఎనిమిదో తరగతికి తెలుస్తుంది.

జవాబు: బట్టల వ్యాపారి, సుల్తాన్ బజారు

టీచరు గారికి నమస్కారం. మాది మ్యాచింగ్ సెంటరు. మా నాన్నగారు పెట్టిన దుకాణంలోనే నేనూ కూర్చుంటున్నాను. పిల్లలు వస్తే విసుక్కుంటామా అని అడిగారు. పొద్దున పదకొండు నుంచి పన్నెండున్నర లోపల, మంగళ బుధవారాల్లో వస్తే విసుక్కోము, వీలైతే చాయ్ కూడా తాగిస్తాము. సాయంత్రం, శనివారం, పెళ్లిళ్ల సీజను మాత్రం వద్దు. ఇద్దరి కంటే ఎక్కువ మంది మెట్లెక్కకూడదు. అద్దె ఎంత, అమ్మకం ఎంత అని అడగకూడదు, అడిగినా నిజం చెప్పము. పైన మాస్టారు గారు అన్నది నిజమే, మేము ఏడుస్తూనే ఉంటాము.

కానీ అడిగితే సంతోషంగా చెప్పే సంగతులు కొన్ని ఉన్నాయి. మా దుకాణం పని ఏమిటంటే, చీర తెచ్చిన ఆమెకు ఆ రంగుకు సరిపోయే జాకెట్టు గుడ్డ తీసి ఇవ్వడం. టూ బై టూ, రూబియా, లైనింగు గుడ్డ, ఏదైనా సరే, రంగు కుదరాలి. ట్యూబులైటు కింద రంగు అబద్ధం చెబుతుంది. మావిడి చిగురు రంగు లోపల ఒకటిగా, బయట ఇంకొకటిగా కనబడుతుంది. అందుకని మా నాన్నగారు తానును భుజాన వేసుకొని చీరతో సహా గుమ్మం బయటికి తీసుకువచ్చి, ఎండలో రెండింటినీ పక్కపక్కన పట్టి చూపించేవారు. బేరం సగం లోపల, సగం వీధిలో జరిగేది. ఇప్పుడు మా గుమ్మం ఎదురుగా మెట్రో స్తంభం, నెత్తిన దాని వంతెన. ఎండ మా మెట్ల మీద పడే వేళ బాగా తగ్గిపోయింది. పగటి వెలుతురును పోలిన బల్బులు కొని లోపల ఒక మూల బిగించుకున్నాము, వాటి కిందే రంగు చూపిస్తున్నాము. గుమ్మం దాకా రావడం పోయింది. ఇది మెట్రో మీద ఫిర్యాదు కాదు, ఆ రైలు దిగి నేరుగా మా దగ్గరకు వచ్చేవారూ ఉన్నారు. జరిగింది చెబుతున్నాను, అంతే.

ఇంకొకటి. ఈమధ్య చీర తేకుండా చీర ఫొటో పంపేవారు ఎక్కువయ్యారు. ఫోనులో కనబడిన రంగుకు గుడ్డ కోసి ఇస్తే, ఇంటికి వెళ్లాక కుదరక మళ్లీ వస్తారు. కోసిన గుడ్డను వెనక్కి తీసుకోము అని బోర్డు రాయించవలసి వచ్చింది. మా నాన్నగారి కాలంలో ఆ బోర్డు అవసరం పడలేదు. పిల్లలను దుకాణం పేరు బోర్డు కంటే ఇలాంటి చిన్న బోర్డులను చదవమనండి. "ఉద్దెర అడగవద్దు" అన్న పాత రేకు మీదే ఇప్పుడు క్యూఆర్ కోడు అతికించి ఉంటుంది. ఆ రేకు ఒక్కటి చూస్తే రెండు కాలాలు కనబడతాయి.

మడిగెల, అంటే దుకాణపు గదుల సంగతి కూడా చెప్పాలి. మా వరుసలో చాలావరకు పాత కిరాయిదారులం. పగిడి, అంటే ముందుగా ఒకేసారి పెద్ద మొత్తం, కట్టి తీసుకున్న మడిగెలు ఇవి. తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకుంటే ఒక మడిగె మధ్యన చెక్క గోడ పెట్టి రెండు చేస్తారు. ఒకటి తాము నడిపి, రెండోది ఏ కవర్లు, గాజులు అమ్మేవారికో ఇస్తారు. అంటే దుకాణాల సంఖ్య పెరుగుతుంది కానీ బజారు పెరిగినట్టు కాదు. మీ పిల్లలు ఉత్త దుకాణాలను లెక్కపెడితే ఇక్కడ మోసపోతారు. వెడల్పును అడుగులతో కొలవమనండి. తలుపు సంఖ్య కూడా చూడమనండి. మన హైదరాబాదు తలుపు సంఖ్యలో మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఆ మూడో అంకె తరువాత గీత గీసి 1, 2, ఏ, బీ అని ఎన్ని తోకలు చేరితే అన్ని ముక్కలయిందని అర్థం చేసుకోవచ్చు.

చివరిగా, మెట్ల ముందు కూర్చునేవారి జోలికి వెళ్లేటప్పుడు జాగ్రత్త. ఫొటో తీస్తే మునిసిపాలిటీ వారు పంపారనుకొని లేచి వెళ్లిపోతారు. ఆ రోజు బోణీ పోతుంది పాపం.

జవాబు: అకౌంటు పుస్తకాలు రాసే వ్యక్తి, బడీచౌడీ

వెనుక ఏముండేదో ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు నా వృత్తి వల్ల ఒక దారి తోచింది. పాత బిల్లులు తెమ్మని పిల్లల ఇళ్లకు చెప్పండి. ఇనప్పెట్టెలో, పెళ్లి ఆల్బములో, కుట్టుమిషను సొరుగులో ఎక్కడో ఒకటి దొరుకుతుంది. చాలా బిల్లుల మీద తేదీ చెరిగిపోయి ఉంటుంది, అయినా కాలం పట్టుకోవచ్చు. బిల్లు నెత్తిన ఏపీజీఎస్టీ (అప్పటి రాష్ట్ర అమ్మకపు పన్ను, ఇప్పటి జీఎస్టీ కాదు) అని ఉంటే అది 2005 ఏప్రిల్‌లో వ్యాట్ అనే పన్ను రాకముందుది. టిన్ (పన్ను కట్టేవారి గుర్తింపు సంఖ్య) అని పదకొండు అంకెల సంఖ్య ఉంటే వ్యాట్ కాలానిది. అందులోనూ 28తో మొదలైతే ఉమ్మడి రాష్ట్రం నాటిది, 36తో మొదలైతే 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన తరువాతది. పదిహేను అక్షరాలూ అంకెలూ కలిసిన జీఎస్టీ సంఖ్య ఉంటే 2017 జూలై 1 తరువాతది. ఫోను సంఖ్య కూడా సాక్ష్యం చెబుతుంది. హైదరాబాదులో ఆరంకెలు ఏడయ్యాయి, ఏడింటికి ముందు 2 చేరి ఎనిమిదయ్యాయి, ఇప్పుడు ఎక్కువగా పదంకెల మొబైలు సంఖ్యే వేస్తున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది పొడుపుకథలా ఉంటుంది. తేదీ లేని బిల్లును ఇచ్చి, ఏ ఏడాదికి ముందుది, ఏ ఏడాదికి తరువాతది అని తేల్చమనండి.

జీఎస్టీ నమోదు ఉన్న దుకాణం తన సంఖ్యను బయటి పేరు బోర్డుపై చూపించాలన్న నియమం ఉంది కనుక లోపలికి వెళ్లకుండానే అది చదవవచ్చు. సంఖ్య లేనంత మాత్రాన దొంగ వ్యాపారమని పిల్లలు రాయకుండా చూడండి. అమ్మకం పరిమితికి లోపల ఉన్న చిన్నవారికి నమోదు తప్పనిసరి కాదు.

ఇంకొక మాట. మీ బడి బీరువాలోనే ఒక నిధి ఉంది. పాత ప్రవేశ రిజిస్టర్లలో తండ్రి వృత్తి అన్న గడి ఉంటుంది కదా, దాన్ని పేర్లు కనబడకుండా కాగితం అడ్డుపెట్టి పిల్లల చేత లెక్కపెట్టించండి. బజారుకు ఎవరి పిల్లలు దగ్గరగా ఉండేవారో తెలుస్తుంది.

జవాబు: మాజీ నివాసి, ఇప్పుడు కూకట్‌పల్లి

ఇంత కసరత్తు దేనికండీ? మెట్రో పనులప్పుడు దారి మూసేసినందువల్లనే బజారు దెబ్బతిన్నదని అక్కడ పుట్టి పెరిగిన ఎవరిని అడిగినా చెబుతారు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ

అయ్యా, పనులు జరిగిన కాలం గురించి మీరన్నది నిజమై ఉండవచ్చు, అది ఆ రోజుల్లో అక్కడ ఉన్నవారు చెప్పవలసిన సాక్ష్యం. రైలు నడిచిన తరువాతి కాలాన్ని మాత్రం ఒక కారణానికి కట్టేయలేము. 2020 ఫిబ్రవరి 7న ఆ దారిలో మెట్రో మొదలైంది, మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. నడుమ నెలన్నర కూడా లేదు. ఒక దుకాణం ఆ ఏడాది మూతపడితే మెట్రో మూయించిందా, కరోనా మూయించిందా, కొడుకు సాఫ్ట్‌వేరుకు వెళ్లిపోతే తండ్రి తానే మూసుకున్నాడా? ఈ మూడూ వేరు వేరు కారణాలని పిల్లలకు తెలిస్తే చాలు, జవాబు దొరకకపోయినా ఫరవాలేదు. "కారణం తేలలేదు" అని రాసిన కాగితానికి నేను పూర్తి మార్కులు వేసేవాణ్ణి.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలు, మూడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారు చెప్పిన మూడు గళ్ల పట్టీతో, వ్యాపారి అన్నగారు చెప్పిన వేళల్లోనే రెండు మంగళవారాలు వెళ్లివచ్చాము. మొదటి రోజు పెద్దగా ఏమీ జరగలేదు. పిల్లలు సగం సేపు గాజుల దుకాణాల ముందు నిలబడిపోయారు, నేను సగం సేపు వాళ్లను లెక్కపెట్టుకుంటూ గడిపాను.

రెండో మంగళవారం తలుపు సంఖ్యల పని పట్టింది. ఒకే ఇంటి సంఖ్య కింద నాలుగు బోర్డులు దొరికాయి, నాలుగింటికీ నాలుగు తోకలు. వాటిలో ఒకదాని వెడల్పు మా అబ్బాయి అడుగులతో ఐదు కూడా లేదు, అయినా అందులో ముగ్గురు మనుషులు, గోడ నిండా పర్సులు. నాలుగూ ఒకప్పుడు ఒకటే అయి ఉండాలని ఎలా తెలుసని అడిగితే, పైన సున్నంతో చేసిన పూలతీగ నాలుగింటి మీదుగా తెగకుండా సాగిందని ఒకడు చూపించాడు. నేను అక్కడ ఎన్నోసార్లు జాకెట్టు గుడ్డలు కొన్నాను, ఆ తీగను ఎప్పుడూ చూడలేదు.

దారి చెప్పుకునే గుర్తులను కూడా రాసుకోమన్నాను. "ఆంధ్రా బ్యాంకు దగ్గర" అన్న మాట పదేపదే వచ్చింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయిందని, ఆ పేరుతో ఇప్పుడు బ్యాంకే లేదని చెబితే పిల్లలు నమ్మలేదు. వెళ్లి బోర్డు చదివి వచ్చాక, మరి మనం ఎందుకు ఇంకా అలాగే అంటున్నామని ఒకరినొకరు అడుక్కున్నారు. బోర్డు మారిన నాడే నోటిమాట మారదని వాళ్లే రాసుకున్నారు. ఆ వాక్యం నేను ఇచ్చింది కాదు.

బిల్లులు ఊహించినదానికంటే తక్కువ వచ్చాయి. వచ్చినవాటిలో ఏపీజీఎస్టీ సంఖ్య ఉన్న చీరల బిల్లు ఒకటి ఉంది, దానిపై ఫోను సంఖ్య ఆరంకెలే. ఆ దుకాణం పేరు పట్టుకొని వెదికితే అదే చోట ఇప్పుడు మొబైలు కవర్లు అమ్ముతున్నారు. పక్కవారిని అడిగితే చీరల వ్యాపారం పోలేదని, వాళ్లు ఊరి పశ్చిమం వైపు పెద్ద దుకాణం పెట్టుకొని వెళ్లారని చెప్పారు. "మూతపడింది" అని రాసుకున్న పిల్లవాడు దాన్ని కొట్టేసి "వెళ్లిపోయింది" అని దిద్దుకున్నాడు.

ఇక ఫాల్, పికో చేసే ఆమె కూతురి సంగతి. తన తల్లి పని ఏమైనా తగ్గిందా అని ఆ అమ్మాయి ఇంట్లోనే అడిగింది. తగ్గలేదట, పెరిగిందట. ఫోనులో కొన్న చీరలు ఫాల్ లేకుండా ఇంటికి వస్తాయి, వాటిని కుట్టించుకోవడానికి ఈ బజారుకే తెస్తున్నారు. ఇదివరకు చుట్టుపక్కల దుకాణాల వారు పంపిన చీరలే ఎక్కువ, ఇప్పుడు ఎక్కడ కొన్నారో తెలియని చీరలే ఎక్కువ. తన మొదటి పేజీని వెనక్కి ఇమ్మని ఆ అమ్మాయి నన్ను అడిగింది, ఇవ్వలేదు. రెండూ పక్కపక్కన అతికించాలని నా ఉద్దేశం.

ఆమెను పట్టీలో ఎక్కడ రాయాలన్నది మాత్రం తేలలేదు. ఆమె కూర్చునేది మొదటి అంతస్తుకు వెళ్లే మెట్ల మలుపులో. అక్కడ ఒక మిషను, ఒక స్టూలు, దారాల డబ్బా, అంతే. తలుపు లేదు కనుక సంఖ్య లేదు, బోర్డు లేదు, షట్టరు లేదు. మధ్య గడిలో కాదు, పైదీ కాదు, కాలిబాట కూడా కాదు. ఇలాంటి మెట్ల మలుపులు ఆ ముక్కలో ఇంకా ఎన్ని ఉన్నాయో చూడడానికి వచ్చే మంగళవారం మళ్లీ వెళుతున్నాము. పట్టీలో నాలుగో గడి గీయవలసి వస్తే దానికి ఏం పేరు పెట్టాలో పిల్లలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.